నేను నింపిన మూడు నెలలు

కర్నూలులో భూగర్భ జలాల లెక్కలు చూసే ఆఫీసులో నేను కాంట్రాక్టు మీద పనిచేసిన రోజులవి. ఊరూరా ఉన్న కొలత బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో నెలనెలా కంప్యూటరులో ఎక్కించడం నా పని. డోన్ వైపు పల్లెల కొలతలు ఒక పెద్దాయన తీసేవాడు. మోపెడ్ మీద తిరిగి, బోరులోకి టేపు దించి చూసి, నాకు ఫోన్లో చదివి చెప్పేవాడు. "రాసుకుంటాండావా తల్లీ? తొందర లేదు, మళ్లా చెప్తా" అనేవాడు. ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు.

ఆ ఏడు చలికాలం నుంచి ఫోను రాలేదు. నేను చేస్తే స్విచాఫ్. మూడు నెలల గడులు ఖాళీగా మిగిలాయి.

"పక్క బోర్లను చూసి నింపేయమ్మా, రిపోర్టు పోవాల" అన్నారు మా సారు.

అది చేయకూడని పనేం కాదు. ఒక బోరులో నీళ్లు తగ్గితే దానితో పాటు ఏ బోర్లు తగ్గుతాయో పాత కొలతలు చెబుతాయి. దాన్ని బట్టి ఖాళీ గడిలో ఎంత ఉండొచ్చో లెక్క కట్టవచ్చు. నేనూ అలాగే కట్టాను. ఏవి ఆయన కొలిచినవో, ఏవి నేను నింపినవో చూసినవాళ్లకు తెలియదు. గుర్తుగా రంగు కూడా వేయలేదు నేను.

ఎండలు ముదిరాక ఆ పెద్దాయన ఉండే పల్లె నుంచే ఫిర్యాదు వచ్చింది. చూసి రమ్మని నన్ను పంపారు. బోరు దగ్గర బిందెలతో ఆడవాళ్లు చుట్టుముట్టారు.

"నీళ్లుండాయని మీ ఆఫీసులోనే రాసినారంట. అందుకే ట్యాంకరు రాలే. యాడుండాయమ్మా, చూపించు" అంది ఒకామె.

ఆ బోరుకూ, నేను నమ్ముకున్న పక్క బోరుకూ మధ్య కొత్తగా చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, లేచాయి. వాటికి వేసిన బోర్లు ఈ వైపు నీళ్లన్నీ లాగేశాయి. రెండింటికీ ఉన్న పాత సంబంధం తెగిపోయింది. నేను అది ఉందనుకునే లెక్క కట్టాను.

పెద్దాయన ఇల్లు అడిగి వెళ్లాను. ఆయన పోయి నెల దాటిందట. భార్య గుమ్మంలో కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. నేనెవరో చెప్పగానే లోపలికి పోయి నోటుబుక్కు తెచ్చింది.

"ఆయనకు పక్షవాతమొచ్చి మాట పడిపోయింది తల్లీ. అయినా రెండు నెలలు కట్టె పట్టుకోని బోరు కాడికి పోయొచ్చినాడు. నోరు రాదు గదా, ఫోను ఎట్ల చేస్తాడు? ఆ సెల్లుకు చార్జింగే పెట్టలే. ఎవరిచేతన్నా పంపుదామంటే, ఆ పిల్లే వస్తాదిలే అని సైగ చేసినాడు. నువ్వేనా ఆ పిల్లవు?"

"నేనే అవ్వా" అని నోటుబుక్కు తెరిచాను.

వంకర టింకర అక్షరాలతో రెండు నెలలకూ "నీళ్లు లేవు" అని రాసి ఉంది. మూడో నెల పేరు మాత్రం రాసి వదిలేశాడు.

మరుసటి రోజే ఆ బోరుకు నేను నింపిన అంకెలు కొట్టేసి ఆయనవి ఎక్కించాను. మూడో నెల ఖాళీగానే ఉంచాను. సారు కోప్పడ్డారు, మాటలు పడ్డాను. ట్యాంకరు వెళ్లేసరికి ఇంకో పది రోజులు పట్టింది. అప్పటికే ఆ వీధిలో రెండిళ్లవాళ్లు తాళాలేసుకుని గుంటూరు వైపు కూలికి పోయారు.

ఫోను ఆగిన మొదటి నెలలోనే బస్సెక్కి ఉంటే ఆయన్ను చూసేదాన్ని. బస్సు రెండు గంటల ప్రయాణం. అంతే.