ముగ్గు పోసిన ఇల్లు

వనపర్తి బస్టాండులో చదువు అప్పు కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆర్కిటెక్చర్ సీటు వచ్చింది, బ్యాంకులో సంతకమే మిగిలింది. పక్కన కూర్చున్న మేస్త్రి కాగితాలు చూసి అడిగాడు.

"ఐదేండ్లు సదివితే జీతమెంత బిడ్డా?"

"మొదట్ల ఇరవై వేలు."

"నాకే గంతకన్న ఎక్కువొస్తది. నేలమీద ముగ్గు పోసి నేనే ఇల్లు గీస్త. గీసినందుకు పైస ఎవరూ ఇయ్యరు. నీకెవరిస్తరు?"

"ఎప్పుడన్న తప్పు గీసిండ్రా పెద్దయ్యా?"

మేస్త్రి చెప్పు మొనతో నేలమీద ఒక చదరం గీశాడు.

"మా ఇల్లే. వంటింటికి కిటికీ పెట్టలే. పొగకు మా ఆమె పదేండ్ల సంది దగ్గుతుంది."

అయిజ బస్సు రాగానే ఎక్కి వెళ్లిపోయాడు. నేను బ్యాంకుకు వెళ్లి సంతకం చేశాను.

చదువు ముగిసి ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు జీతంలో సగం ఆ అప్పు వాయిదాకే పోతుంది. ఏం మిగిలిందని ఇంట్లో అడిగితే, ఇంకా లెక్క తేలలేదంటాను. ఇళ్లు గీసే ఈ పని మానాలని మాత్రం ఒక్కరోజూ అనిపించలేదు.