గండిలో కిటికీ

ఊళ్ళో అందరూ అతన్ని ఇంటిపిచ్చోడు అనేవాళ్ళు. కన్నతల్లి కూడా చివరికి అలాగే పిలవడం మొదలుపెట్టిందంటే ఇక వేరే చెప్పాలా. చిన్న పడవ వేసుకుని రాళ్ళకట్ట అవతలికి పోయేవాడు, గేలం నీళ్ళలోకి వదిలేవాడు. ఆ తర్వాత తాడు మీద దృష్టి పెట్టాల్సిన మనిషి మాటిమాటికీ మెడ తిప్పి ఇంటివైపు చూసేవాడు. "పెళ్ళాన్ని ఎవరూ ఎత్తుకుపోర్లే!" అని పక్క పడవలవాళ్ళు కేకలేసి నవ్వేవాళ్ళు. అతను తల వంచుకుని ఓ నవ్వు నవ్వేసి ఊరుకునేవాడు. ఆ నవ్వు వెనక ఎంత గుంటనక్క దాక్కుని ఉందో ఒక్కడికీ తెలియదు.

ఎందుకంటే అతను చూసేది పెళ్ళాన్ని కాదు, కిటికీని.

రేవులోకి అలలు రాకుండా సముద్రానికి అడ్డంగా పెద్దపెద్ద బండలు పోసి కట్టారు, అదే రాళ్ళకట్ట. దాని అవతలికి వెళితే ఊరు మొత్తం కట్ట చాటున పడిపోతుంది. ఒక తుఫానులో కట్ట నడుమ బండలు జారి గండి పడింది. జారిన బండలు నీళ్ళ కింద ఒకదాని మీదొకటి పడి, లోపల గదుల్లాంటి సందులు ఏర్పడ్డాయి. పెద్దనోరు రాళ్ళచేపలు వచ్చి అందులో కాపురం పెట్టాయి. అయితే నీళ్ళ మీద ముగ్గు వేసి గుర్తు పెట్టుకోలేం కదా. ఒకరోజు బండల్లో ఇరుక్కున్న గేలం లాగలేక విసిగి తలెత్తితే, గండిలోంచి, రేవు దాటి, ఎత్తు మీద ఉన్న తన వంటింటి కిటికీ కనిపించింది. గండికి సరిగ్గా మధ్యలో. ఆ రోజు పడ్డ చేపలు మోయలేక ఇంటికి రెండుసార్లు తిరిగాడు. కిటికీ గండి మధ్యలో ఉంటే కింద చేప ఉన్నట్టు. పడవ కాస్త పక్కకి కొట్టుకుపోయి కిటికీ బండ చాటుకి వెళ్ళిందా, గేలానికి నాచు తప్ప ఏమీ రాదు. అందుకే ఆ మెడ తిప్పడం. ఊరు ఎక్కిరిస్తే ఎక్కిరించనీ, తన చోటు తనకుంటే చాలనుకున్నాడు.

ఆ చోటు తప్ప అతనికి గర్వంగా చెప్పుకోవడానికి ఇంకేం లేదు. మిగతావన్నీ తోడల్లుడికే ఉన్నాయి.

తోడల్లుడంటే ఇతని భార్య చెల్లెలి మొగుడు. మామగారు కూతుళ్ళిద్దరికీ ఒకే గోడకి అటూ ఇటూ రెండు ఇళ్ళు కట్టించి ఇచ్చాడు. ఎండ మాత్రం వాడింటి అరుగు మీదే పడేది. వాన నీళ్ళు ఇతనింటి గుమ్మంలోనే నిలిచేవి. వాడు ముందు ఇంజన్లు బాగుచేసే పనిలో ఉండి, ఎవరో వద్దని పారేసిన ఇంజన్ని తన పడవకి తగిలించుకుంటే అది గుర్రంలా పరిగెత్తింది. ఇతను కొత్తది కొనుక్కుంటే అది దగ్గడం నేర్చుకుంది. వాడికి జుట్టు ఊడలేదు. వాడు నవ్వితే చేపల కొట్టు ఆవిడ కూడా నవ్వేది. అదృష్టవంతుణ్ణి చెరిపేవాడు లేడని ఇతను రాత్రీపగలూ జపం చేసేవాడు. అన్నింటికన్నా ఇతన్ని కాల్చింది కూర. మరదలి వంట గోడ దాటి ఘుమఘుమలాడుతూ వచ్చేది. తన ఇంట్లో మాత్రం గిన్నె అడుగు మాడని రోజు లేదు.

"మీ ఇద్దరికీ వంట నేర్పింది ఒకే తల్లి కదే. దానికి వచ్చింది నీకెందుకు రాలేదు?" అని రోజూ కంచం ముందు కూర్చుని సణిగేవాడు. ఆమె గిన్నె తోముకుంటూ నవ్వి ఊరుకునేది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, ఆ కూర నిజంగానే రుచిగా ఉండేది, అదే అతని బాధ.

చేపల దగ్గర మాత్రం తోడల్లుడు ఇతని కాలిగోటికి కూడా సరిపోడు. పడవలన్నీ తిరిగొచ్చాక కొట్టు ఆవిడ ఇతని గంపలోంచే అన్నింటికన్నా పెద్ద చేపని మొప్పల దగ్గర పట్టి పైకెత్తి, "చూడండర్రా, పట్టడమంటే ఇదీ!" అని అందరికీ చూపించేది. ఆ ఒక్క క్షణం కోసం అతను రోజంతా ఎండలో మాడేవాడు. గుంపులో తోడల్లుడు ఎక్కడున్నాడో వెతికి మరీ చూసేవాడు.

అలాంటిది, ఒక పొద్దున రాళ్ళకట్ట చుట్టి వెళ్ళేసరికి గండి ఎదురుగా పడవ. నీలం రంగు, గుర్రం లాంటి ఇంజను. తోడల్లుడు లంగరు వేసుకుని, గేలం వదిలి, కులాసాగా కూర్చుని ఉన్నాడు.

"రా అన్నయ్యా!" అని చెయ్యూపాడు. "ఇవాళ ఇటొచ్చాను."

"ఇక్కడేముంది, రాళ్ళు తప్ప?" అన్నాడు ఇంటిపిచ్చోడు.

"ఏమోలే, కూర్చున్నాను," అంటూనే వాడు చేపని పైకి లాగాడు. పెద్దనోరు చేప. తొడంత ఉంది.

ఆ రోజు కొట్టు ఆవిడ ఎత్తి చూపించింది ఆ చేపనే. మర్నాడూ వాడిదే. ఆ మర్నాడూ. ఇంటిపిచ్చోడు గుంపు చివర నిలబడి, అందరితో పాటు భేష్ అన్నాడు. లోలోపల మాత్రం వాడి చేప గేలం మింగి కూడా తప్పించుకోవాలని, వాడి లంగరు బండల్లో ఇరుక్కుని ఊడి రాకూడదని, వాడి మెడ పట్టేయాలని కోరుకున్నాడు. మెడ అనుకోవడానికి కారణం ఉంది. వాడు కూడా మాటిమాటికీ మెడ తిప్పి ఇంటివైపు చూస్తున్నాడు. అంటే గుర్తు తెలిసిపోయింది. వాడికై వాడు కనిపెట్టేంత బుర్ర లేదు. ఎవరో చెప్పారు.

ఒక్క సంగతి మాత్రం అతనికి కాస్త ఊరటనిచ్చింది. ఈ మధ్య పక్కింట్లోంచి కూడా మాడు వాసన వస్తోంది. కనీసం ఆ అదృష్టమైనా పోయిందిరా నీకు, అని మనసులో చంకలు గుద్దుకున్నాడు.

కానీ చోటు సంగతి చెప్పిందెవరు? అతను ప్రాణస్నేహితుడికి కూడా చెప్పలేదు. ఇంట్లోంచే పోయి ఉండాలి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. భార్య నోట్లో నువ్వుగింజ నానదు, చెల్లెలు కనిపిస్తే అసలే ఆగదు. ఆమెకి తను ఎప్పుడూ చెప్పలేదన్న మాట అతనికి తట్టనే లేదు. కుళ్ళుకున్నవాడికి లెక్కలు సరిగా రావు.

ఖాళీ గంప గుమ్మంలో పడేసి నేరుగా వంటింట్లోకి వెళ్ళాడు.

"మీ చెల్లెలికి ఏం చెప్పావు?"

ఆమె చేతిలో గరిటె ఆగింది. "దేని గురించి?"

"గండి గురించి."

ఆమె మొహం ఎర్రబడింది. దొరికిపోయిందిరా అనుకున్నాడతను. కానీ అది భయంతో వచ్చిన ఎరుపు కాదు, సిగ్గుతో వచ్చింది.

"అదా," అంది కొంగు సర్దుకుంటూ. "చెప్తే తప్పేంటయ్యా? ఊరంతా అనే మాటే కదా. మా ఆయన సముద్రం మీదున్నా కళ్ళు నా మీదే ఉంటాయి, గండిలోంచి గంటకి పదిసార్లు నన్నే చూస్తాడు అన్నాను. దానికే అది ఏడుపు మొహం పెట్టింది. ఇంటికెళ్ళి మొగుడితో ఒకటే గొడవట. బావ చూస్తాడు, నువ్వెందుకు చూడవని. రాళ్ళకట్ట అవతల్నుంచి ఇల్లు కనపడి చస్తుందా అన్నాడట. బావకి కనపడింది, నీకు కనపడకపోతే వెతుక్కో అందట. వెతుక్కున్నాడు పాపం."

చెప్పి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంటిపిచ్చోడికి లెక్క అప్పుడు తేలింది. కట్ట పొడుగునా ఇల్లు కనిపించే చోటు అదొక్కటే. ఇల్లు వెతికినవాడికి చేపలు దొరికాయి.

"ఇప్పుడు దాని తిప్పలు చూడాలి," అంటూ ఆమె పొంగిపోతూ సాగదీసింది. "కిటికీ దగ్గర నిలబడితే పొయ్యి మీద గిన్నె ఊరుకుంటుందా? దాని కూరలూ మాడుతున్నాయి. నేను అలవాటు పడ్డాను కాబట్టి సరిపోయింది. నువ్వు తిరిగి చూసినప్పుడు నేను లేకపోతే బాగుండదని నిలబడిపోతాను. మాడితే మాడింది, తోముకుంటాను. నువ్వు తిడుతుంటే కూడా నవ్వొస్తుంది నాకు. ఈయన వల్లే మాడింది, ఈయనే తిడుతున్నాడు అని."

గూట్లో గిన్నెలు వరసగా బోర్లించి ఉన్నాయి. ప్రతి గిన్నె అడుగూ నల్లగానే ఉంది, ఎంత తోమినా పోని నలుపు. ఏ మాత్రం బుద్ధున్నవాడైనా అక్కడితో ఆగిపోయి, ఓ మంచినీళ్ళ చెంబు తీసుకుని అరుగు మీద కూర్చునేవాడు. కానీ అతని కళ్ళ ముందు గిన్నెలు లేవు. కొట్టు ఆవిడ చేతిలో పైకి లేస్తున్న తోడల్లుడి చేప ఉంది.

"నిన్నెవడు చూశాడే!" అని అరిచాడు. "నేను చూసేది కిటికీని! కిటికీ గండి మధ్యకి వస్తే కింద చేపలుంటాయి, అదీ గుర్తు! ఇన్నేళ్ళు కళ్ళల్లో పెట్టుకుని దాచుకున్న చోటు, నీ సింగారం కబుర్లతో వాడి ఒళ్ళో పోశావు!"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆమె అతని వైపు తిరిగింది. "కిటికీనా," అంది. ఏడవలేదు, ఎదురు తిరగలేదు. పొయ్యి వైపు తిరిగి కూర కలుపుకుంది.

మర్నాడు అతను వెళ్ళేసరికి నీలం పడవ గండి ఎదురుగా ఉండనే ఉంది. ఇక మొహమాటం దేనికని తెడ్డేసుకుంటూ పోయి పక్కనే ఆపాడు.

"జరుగు," అన్నాడు.

"రా రా అన్నయ్యా, నీ చోటే కదా," అన్నాడు తోడల్లుడు మెడ రుద్దుకుంటూ. "నువ్వు ఇక్కడ కూర్చునేది చేపల కోసమనుకున్నాను ఇన్నాళ్ళూ. అక్క కోసమని మా ఆవిడ చెప్తే గానీ తెలీలేదు. నీలాంటి మొగుడు ఉండడయ్యా. నీ మూలంగా నాకు ఇంట్లో అన్నం పుట్టట్లేదు." అని గండిలోకి చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు. "అదిగో, వచ్చింది!"

ఇంటిపిచ్చోడు కూడా అటు చూశాడు. రెండు కిటికీలు పక్కపక్కనే. కుడివైపు దాన్లో మరదలు. ఎర్ర చీర, తలకన్నా పైకెత్తిన చెయ్యి. ఇంత దూరానికి కూడా ఆ చెయ్యి ఊగడం స్పష్టంగా కనిపిస్తోంది. తోడల్లుడు పడవ ఊగిపోయేలా రెండు చేతులూ ఊపాడు.

ఎడమ కిటికీ ఖాళీగా ఉంది.

అతను కళ్ళు చికిలించి చూశాడు. కాసేపాగి మళ్ళీ చూశాడు. ఇన్నేళ్ళూ రోజుకి ఎన్నిసార్లు చూశాడో ఆ కిటికీని. అందులో మనిషి ఉందో లేదో చూడటం ఇదే మొదటిసారి. నిన్నటిదాకా ఉండేదట.

"అయిపోయింది నా డ్యూటీ," అంటూ తోడల్లుడు లంగరు లాగాడు. "చేపలకేముంది అన్నయ్యా, వంతెన స్తంభాల దగ్గర కూడా పడతాయి. ఇక్కడ నువ్వే కూర్చో. రోజూ ఓసారి వచ్చి చెయ్యూపి పోతాను, అంతే." గుర్రం లాంటి ఇంజను ఒక్క లాగుకే అందుకుంది.

చోటు తిరిగొచ్చింది. ఆ రోజు గేలం వేయడమే ఆలస్యం, చేప తర్వాత చేప. సాయంత్రం కొట్టు ఆవిడ అతని గంపలోంచి ఒకదాన్ని రెండు చేతులా ఎత్తి, "చూడండర్రా!" అని అరిచింది. అందరూ చూశారు. అతను గుంపులో తోడల్లుడి కోసం వెతకలేదు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. ఆమె వడ్డించింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే తెలిసింది. ఉప్పూ కారం అతికినట్టు సరిపోయాయి, మాడు అన్న మాటే లేదు. పెళ్ళయ్యాక ఇంత మంచి కూర తన ఇంట్లో తినలేదు.

"కూర బాగుంది," అన్నాడు.

"పొయ్యి దగ్గరే ఉన్నాను కదా."

అతను ఇంకో ముద్ద కలిపాడు. "రేపు కాస్త కిటికీ దగ్గరికి..."

"ఎందుకు?" అంది ఆమె మామూలుగానే, నీళ్ళ గ్లాసు అతని ముందు పెడుతూ. "గుర్తుకి కిటికీ ఉంటే చాలుగా. మనిషెందుకు?"

గోడ అవతల గిన్నె దించిన చప్పుడైంది. "మళ్ళీ మాడ్చావా!" అని తోడల్లుడి గొంతు, వెంటనే మరదలి నవ్వు, ఆ నవ్వుతో వాడి నవ్వు కలిసిపోవడం వినిపించాయి. ఆ వెనకే కిటికీలోంచి ఘాటుగా మాడు వాసన వచ్చింది. ఇంటిపిచ్చోడు ముద్ద చేతిలోనే పట్టుకుని ఆ వాసన పీల్చాడు. వాడి ఇంజనుకి, వాడి అరుగు మీది ఎండకి, వాడి చేపకి కూడా ఇంతగా కుళ్ళుకోలేదు.