తగ్గింపు మీద నా మొదటి ప్రసంగం

ఒక మనిషి బాప్తిస్మానికి నీళ్ళే లేకుండా చేసిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను, మీరూ నవ్వుకోండి. మా చాల్ వాళ్ళు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. కామాటిపురలో మేముండే చాల్‌లో, ఆ వరసగదుల మేడలో, కింది గదిలోనే మా తెలుగు సంఘం కూడేది. ఆ ఆదివారం నాకు రెండు పనులు అప్పగించారు. పొద్దున నల్లా వచ్చినప్పుడు బాప్తిస్మం తొట్టి నింపడం ఒకటి. ఆరాధనలో పది నిమిషాలు మాట్లాడడం రెండోది. అంశం తగ్గింపు, అంటే వినయం. దాని గురించి నా అంత గొప్పగా చెప్పేవాడు గ్రాంట్ రోడ్ నుంచి వర్లి దాకా లేడని నా గట్టి నమ్మకం.

బాప్తిస్మం బాలమ్మకు. పాలమూరు నుంచి వచ్చి, ముప్పై ఏళ్ళు ఇటుకలు మోసి, మోకాళ్ళు అరిగి, ఆ సాయంత్రం బండికే ఊరికి వెళ్ళిపోతున్న మనిషి. మళ్ళీ వచ్చేది లేదు. తనను ఆదరించిన ఈ సంఘంలోనే మునగాలని ఆమె కోరిక.

నల్లా గంటసేపే వస్తుంది. తొట్టిలో పైపు వేసి, ఫోను ఎదురుగా నిలబెట్టి ప్రసంగం రికార్డు చేశాను. విని చూసుకుంటే నా గొంతు వెనక బుడబుడమని నీళ్ళ చప్పుడు! ఇంత మంచి ప్రసంగానికి ఇదేం అడ్డం? పది నిమిషాలే కదా అని నల్లా కట్టేశాను. ఆరుసార్లు చెప్పాను. ఏం చేయను, ప్రతిసారీ ఇంకా బాగా వచ్చింది!

తీరా తిప్పితే నల్లా ఒక్క గురక పెట్టి ఊరుకుంది. తొట్టిలో నీళ్ళు చీలమండ దాకే ఉన్నాయి.

పాస్టరుగారు వచ్చి తొంగిచూశారు. "ఏందిరా ప్రసాదూ, గిందుల కాళ్ళు కడుక్కుంటమా?"

"చప్పుడైతున్నదని నల్లా బంద్ చేసిన అయ్యగారూ."

"దేనికి అడ్డమొచ్చిందిరా చప్పుడు?"

"తగ్గింపుకు."

ఆయన వెనక తెల్లచీరలో బాలమ్మ. "గిట్లయితే ఎట్ల బిడ్డా? బండికి పోవాలె గదా," అంది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

బకెట్ పట్టుకుని పై అంతస్తుకు పరిగెత్తాను. మొదటి తలుపు లక్ష్మక్కది, తెల్లారకముందే దేవుడి దగ్గర దీపం వెలిగే ఇల్లు. తలవంచుకుని సంగతి చెప్పాను.

"మా డ్రమ్ములకెళ్ళి తీస్కపో. నా పిల్లల్ని ఎత్తుకొని తిరిగింది బాలమ్మ. ఎవరి దేవుడైతేంది, పానీ అందరికీ మున్సిపాల్టీదే కదా!" అని, వరండాలోకొచ్చి కేకేసింది. "అరే, ఇంటికో బకెట్ ఇయ్యుండ్రి!"

మా చాల్‌లో బకెట్ నీళ్ళంటే ఒక పూట సంసారం. అయినా ఒక్క తలుపూ మూసుకోలేదు. మూడంతస్తుల మెట్లు, నలభై బకెట్లు. ఇస్త్రీ చొక్కా తడిసి ముద్దయింది. ప్రసంగం మొత్తం రెండో అంతస్తు దగ్గరే మరిచిపోయాను.

బాలమ్మ మునిగి లేచింది. గుమ్మంలో నిలబడి లక్ష్మక్క కూడా చప్పట్లు కొట్టింది. "ఇప్పుడు ప్రసాదు మాట్లాడ్తడు," అన్నారు పాస్టరుగారు. లేచి "వందనాలు" అన్నాను. ఇంకో మాట రాలేదు, ఏడుపొచ్చింది. కూర్చున్నాను.

బండికి బయల్దేరుతూ బాలమ్మ నా చెయ్యి పట్టుకుంది. "తగ్గింపు గురించి మంచిగ చెప్పినవు బిడ్డా."

"నేనేం చెప్పలే కదమ్మా!"

"గందుకే."

ఆ నలభై బకెట్లకు ఇప్పటికీ మనసులోనే దండం పెట్టుకుంటాను. వాటి సాక్షిగా చెబుతున్నాను, తొట్టి నిండేదాకా ఈ జన్మలో నోరు తెరవను. బాప్తిస్మం ఉన్న ఆదివారం తొట్టి ఇప్పటికీ నేనే నింపుతాను. ఫోను మాత్రం మా ఆవిడ దాచిపెడుతుంది.