పోటు దుంగలతో చేసిన రేడియోలు

అలీముద్దీన్ రేడియో తయారుచేశాడంటే మొదట్లో గోదావరిఖనిలో ఎవరూ నమ్మలేదు. రిపేరు చేస్తాడని అందరికీ తెలుసు. మార్కెట్ వెనక రేకుల షెడ్డులో, చెడిపోయిన సెట్లు విప్పుకుంటూ కూర్చునే ఆ సన్నటి మనిషి, కూతురు పుట్టిన ఏడాది హైదరాబాద్ కోఠీ నుంచి సంచినిండా విడిభాగాలు తెచ్చాడు. పాప పేరే పెట్టి ‘జూహీ’ రేడియో బయటికి తెచ్చాడు. లోపలి కాయిల్స్ చుట్టింది అతని భార్య లతీఫున్నీసా. చెక్క పెట్టెలు చేసింది జ్ఞానయ్య.

జ్ఞానయ్య బొగ్గుబావిలో పనిచేసేవాడు. లోపల కప్పు కూలకుండా దుంగలు పోటు పెట్టడం అతని డ్యూటీ. షిఫ్టు దిగాక వడ్రంగం చేసేవాడు. అతను అంతకుముందు పనిచేసిన ఒక పాత బావి మూతపడి, దాంట్లోని దుంగలు తుక్కు వ్యాపారి దగ్గరికి వస్తే ఇద్దరూ వెళ్లి కొన్నారు. కోసి, పలకలు చేసి, పాలిష్ పెడితే టేకు కూడా ఆ కర్ర ముందు వెలవెలబోయింది.

కాలనీల్లో జూహీ సెట్లు బాగానే అమ్ముడుపోయాయి. ఆదివారం పొద్దున సైకిల్ మీద వెళ్తూ, ఏ ఇంట్లో మోగేది తన సెట్టో గొంతునుబట్టి చెప్పేవాడు అలీముద్దీన్. అవే అతని మంచి రోజులు. ఎక్కువ కాలం సాగలేదు.

మొదట వెనక్కి తెచ్చింది రఘుపతి అనే కార్మికుడు.

“అలీ భాయ్, ఇది నువ్వే ఉంచుకో. బదులు ఇంకోటి గూడ వద్దు.”

“ఏమైంది? పాడుతలేదా?”

“పాడుతది. బంద్ జేసినంకనే మాట్లాడుతది.”

బావి లోపల కప్పు దిగేముందు పోటు దుంగలు టిక్కు టిక్కుమని పగులుతాయి. కర్ర మాట్లాడుతోందంటారు. అది వినబడితే చేతిలో ఉన్నది అక్కడే పడేసి పరుగెత్తాల్సిందే. రఘుపతి నిద్రలో ఆ చప్పుడు విన్నాడు. పిల్లల్ని చంకనెత్తుకుని వీధిలోకి ఉరికాడు. పైన ఆకాశం కనబడితేగానీ తానెక్కడున్నాడో తెలియలేదట.

“కర్ర ఆరుతుంటే గట్ల జేస్తది,” అన్నాడు అలీముద్దీన్. కానీ ఆ తర్వాత ఇంకొకరు తెచ్చారు, మరొకరు తెచ్చారు. పాట బాగుందనే అన్నారందరూ. ఇంట్లో మాత్రం పెట్టుకోలేమన్నారు. అతను జ్ఞానయ్యనే అడిగాడు.

జ్ఞానయ్య బీడీ ముట్టించాడు. “గా దుంగలు మేమందరం బయటికొచ్చేదాక కప్పును కూలనియ్యలే అన్నా. మోసుకుంటనే నిలబడ్డయ్. మనం పైన బరువు తీసేసినం. ఆ సంగతి వాటికి ఎవరు చెప్పిన్రు?”



జూహీ రేడియో కథ అక్కడితో ముగిసింది. అతను మళ్లీ రిపేర్లకే దిగాడు. టీవీలు, మిక్సీలు, ఏది దొరికితే అది. వెనక్కొచ్చిన సెట్లను పొయ్యిలో పెట్టేద్దామంటే లతీఫున్నీసా ఒప్పుకోలేదు. తన చేత్తో చుట్టిన తీగలున్నాయంది. వాపసొచ్చిన సెట్లన్నీ వెనక గదిలో ఒకదాని మీద ఒకటి, నేల నుంచి దూలం దాకా పేర్చింది. చల్లగా ఉంటుందని మధ్యాహ్నాలు వాటి పక్కనే పరుపేసుకుని నిద్రపోయేది. అప్పుడప్పుడూ ఏదో ఒకటి టిక్కుమనేది. కళ్లు తెరవకుండానే “చుప్” అనేది. అదీ ఊరుకునేది.

అలా ఏళ్లు గడిచాయి. కూతురు జూహీ జ్యోతినగర్‌లో టీచరైంది.

మొన్నటి వానాకాలం ముసురు పట్టి వదలని రోజుల్లో, జ్ఞానయ్య చాయ్ తాగుతూ ముందు గదిలో కూర్చున్నాడు. వెనక గదిలో ఒక సెట్టు టిక్కుమంది. దాని మీదిది, ఆపైన ఇంకొకటి. చూస్తుండగానే వరసంతా పటపటమని అందుకుంది.

జ్ఞానయ్య చేతిలోని గ్లాసు అక్కడే పడేశాడు. మోకాళ్లు పట్టేసిన ఆ ముసలాయన “ఉరుకున్రి!” అని అరుస్తూ, ఇన్నేళ్లలో ఏనాడూ దాటని పరదా దాటి లోపలికి వెళ్లాడు. నిద్రపోతున్న లతీఫున్నీసా చెయ్యి పట్టి లేపి వాకిట్లోకి లాక్కొచ్చాడు. వెనకే అలీముద్దీన్ కూడా బయటపడ్డాడు.

ముగ్గురూ వానలో నిలబడ్డారు. ఇల్లు ఇల్లులాగే ఉంది. ఎదురింటి సారక్క గొడుగు పట్టుకొచ్చింది. “ఏమైంది కాకా? ఏం కాలేదు గదా!”

అలీముద్దీన్‌కు సిగ్గేసింది. లోపల చప్పుడు మాత్రం తగ్గలేదు. సారక్క అరుగు మీద కూర్చుని సాయంత్రం దాకా విన్నారు. తర్వాత అది ఒక్కసారిగా ఆగిపోయింది. అతను లేవబోతే జ్ఞానయ్య భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

“ఇప్పుడు పోవద్దన్నా. మాట్లాడినంతసేపు మోస్తున్నట్టు. ఆగినంకనే భయం.”

తెల్లారి మేస్త్రీని తోడు తీసుకుని వెళ్లారు. వెనక గది దూలాన్ని చెదలు లోపలే తినేశాయి. నడిమికి విరిగిన దూలం, దాని మీది పెంకులు, తడిసిన మట్టి బరువంతా రేడియోల వరస మీద కూర్చుంది. పైసెట్టు మూత చీలింది. దాని డయలు అద్దం పొడిపొడి అయింది. వరస మాత్రం కదలలేదు. పక్కనే పరుపు మీద లతీఫున్నీసా తల ఆనిన గుంట అలాగే ఉంది. జ్ఞానయ్య తలమీది తువ్వాలు తీసి సిలువ గుర్తు వేసుకున్నాడు.

ఇనుప జాకీలు నిలబెట్టి, పెంకులు దింపి, సెట్లు ఒక్కొక్కటే బయటికి తీశారు. జూహీ వచ్చి అమ్మానాన్నల్ని తన ఇంటికి తీసుకుపోయింది. అక్కడ స్లాబు గట్టిదే. అయినా లతీఫున్నీసా మంచం తలుపు దగ్గరే వేయించుకుంది.

సెట్లు ఇప్పుడు జ్ఞానయ్య పెరట్లో టార్పాలిన్ కింద ఉన్నాయి. వాటి మీద ఏదీ పెట్టొద్దని ఆయన ఇంట్లో వాళ్లకు గట్టిగా చెప్పాడు. ఒకరోజు అలీముద్దీన్ వెళ్లేసరికి అవి టిక్కుటిక్కుమంటున్నాయి. గాలికి టార్పాలిన్ ఎగరకుండా ఎవరో ఒక ఇటుక పెట్టారు. అతను ఇటుక తీసి కింద పెట్టి, పైసెట్టు మీద అరచెయ్యి ఆనించాడు.

“అయిపోయింది. ఏం బరువు లేదు,” అన్నాడు మెల్లగా.

చప్పుడు వెంటనే ఆగలేదు. చెయ్యి తీస్తేగానీ ఆగలేదు.