మా ఇంట్లో అమ్మకి వేసిన పక్క

గుంటూరులో కాపురం పెట్టినవాళ్ళకి చుట్టాలు పండగలకి రారు, జబ్బులకి వస్తారు. ఎనభైల నడుమ మేము పెద్దాసుపత్రికి నడిచి వెళ్ళేంత దూరంలో అద్దెకుండేవాళ్ళం. పర్చూరు వైపు నుంచి, అద్దంకి వైపు నుంచి, ఆ మధ్యనున్న పల్లెలన్నిటి నుంచి మా ఆయనకి ఏదో ఒక వరస అయ్యేవాళ్ళు మా గుమ్మం ముందు రిక్షా దిగుతూనే ఉండేవారు. చేతిలో సంచీ, సంచీలో ఎక్స్‌రే కవరు, దాని పక్కన గోంగూర కట్ట. "ఒక్క పూటేనమ్మా, రేపు డాక్టరుకి చూపించుకుని పోతాం" అనేవాళ్ళు. ఆ ఒక్క పూట వారానికి తక్కువ కాకుండా సాగేది.

ఇల్లేమో ముందు గది, వెనక గది, వంటిల్లు, వీధివైపు సన్నటి వసారా. ముందు గదిలో మా అత్తగారి నవారు మంచం. వెనక గదిలో పెద్ద మంచం మీద మా ఇద్దరి మధ్యా రెండేళ్ళ పాప. చుట్టాల కోసం ఒక మడత మంచం, రెండు చాపలు, మా అత్తగారు పాత చీరలతో కుట్టిన మూడు బొంతలు. ఈ సరంజామాతోనే ఎంతమంది వచ్చినా పక్కలు సర్దేదాన్ని. ఆ పనిలో నాకు పేరొచ్చింది కూడా. నేను పక్క వేస్తే సగం నొప్పులు అక్కడే తగ్గిపోతాయని మా ఆయన వైపువాళ్ళు ఊళ్ళో చెప్పుకునేవారట. ఆ మాట విన్నప్పుడు ఉబ్బితబ్బిబ్బయ్యాను. ఎందుకు అబద్ధం చెప్పాలి?

అందులో పెద్ద విద్యేమీ లేదు, కనిపెట్టి చూడటమే. ఎక్కడ పడుకుంటారని అడిగితే ఎవరూ నిజం చెప్పరు, "ఇంత చోటిస్తే చాలమ్మా" అంటారు. అందుకని నేను అడిగేదాన్ని కాదు, వాళ్ళు రిక్షాలోంచి ఎలా దిగుతున్నారో చూసేదాన్ని. నడుం పట్టుకుని దిగినవాళ్ళకి మడత మంచం పనికిరాదు, మధ్యలో కుంగుతుంది. వాళ్ళకి చాప మీద రెండు బొంతలు. నెలలు నిండిన పిల్లకి పెరటి తలుపు దగ్గర. చుట్ట తాగే పెద్దమనుషులకి వసారా. గాలి బాగా వస్తుందని వాళ్ళకి చెప్పేదాన్ని గానీ అది నా ముక్కు కోసం చేసిన ఏర్పాటు. మా ఆయన మేనత్తకి కంటి ఆపరేషను అయినప్పుడు, ఆవిడ వంగకూడదని వెనక గదే ఖాళీ చేసి, మా పెద్ద మంచం ఇచ్చేసి, మేము ముగ్గురం ముందు గదిలో చాపల మీద పది రోజులు సర్దుకున్నాం. అలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. నాకే తోచింది, చేశాను.

మా అమ్మ వచ్చింది మిరపకాయల సీజను మొదలైన రోజుల్లో. మా ఆయన కమీషను కొట్లో గుమాస్తా. సీజనులో ఆయన తెల్లవారకముందే మిరప యార్డుకి వెళ్ళాలి, ఇంటికొచ్చేసరికి చొక్కా విప్పితే ఆ ఘాటుకి పాప తుమ్మేది. ఒక ఆదివారం సాయంత్రం మా తమ్ముడు అమ్మని తెచ్చి దించి, పత్తి తీతలున్నాయని తిరుగు బస్సుకే వెళ్ళిపోయాడు. అమ్మ రిక్షా దిగటం గుమ్మంలోంచి చూశాను. ముందు రిక్షావాడి భుజం పట్టుకుంది. ఒక కాలు కిందపెట్టి, రెండో కాలు దించటానికి ఊపిరి బిగబట్టింది. ఏళ్ళ తరబడి పత్తి చేలో వంగి, మిరప కల్లంలో గొంతుక్కూర్చుని తాలుకాయలు ఏరిన మోకాళ్ళు అవి. చూసిన క్షణంలోనే ఆమెకి ఏ పక్క కావాలో నాకు తెలిసిపోయింది. వెనక గది, ఎత్తు మంచం. ఇంకోటి పనికిరాదు.

తెలిసి కూడా నేను చేసిన పని ఏమిటంటే, "అమ్మా, ఎక్కడ పడుకుంటావు?" అని అడగటం. ఎవర్నీ అడగనిదాన్ని మా అమ్మని అడిగాను.

"ఎక్కడైనా పరవాలేదు లేవే" అంది అమ్మ.

ముందు గదిలో మా అత్తగారి మంచం పక్కన మడత మంచం వేశాను. నేను వంటింట్లోకి వెళ్ళొచ్చేసరికి అమ్మ దాన్ని మడిచి గోడకి ఆనించింది. కింద చాప పరుచుకుంటోంది.

"అదేందమ్మా?"

"అల్లుడుగారు పొద్దున్నే ఈ దోవనే పోవాల. ఆయన పోతా ఉంటే నేను మంచం మీద కాళ్ళు చాపుకుని ఉంటానా? బాగుండదే."

మా అమ్మకి అల్లుడి ముందు కూర్చోవటం తెలియదు. పెళ్ళై ఆరేళ్ళైనా ఆయన గదిలోకి వస్తే లేచి తలుపు చాటుకి వెళ్ళేది. "కూర్చోండి అత్తయ్యగారూ" అని ఆయన అంటే ఇంకో రెండడుగులు వెనక్కి జరిగేది. ఆ తరంలో మా వైపు అత్తలందరూ అంతే. అది నాకు కొత్త కాదు. కానీ ఆ సాయంత్రం మాత్రం నాకు ఒళ్ళు మండింది. "నీ చాదస్తం నీది. కిందే పడుకో, నాకేం" అని విసురుగా అనేశాను. అని, చాప మీద రెండు బొంతలు దబదబా వేసి, పైన ఇస్త్రీ దుప్పటి పరిచాను.

కోపం పైకి కనిపించింది. లోపల ఇంకోటి ఉంది, అది చెప్పుకోవటానికి సిగ్గుగా ఉంటుంది. అమ్మ తనంతట తానే కింద పడుకుంటానంటే నా ప్రాణానికి హాయిగా అనిపించింది. ఇక నేను మా ఆయన్ని గది వదలమని అడగక్కర్లేదు. మా అత్తగారి మొహంలో ఏం కనిపిస్తుందో చూడక్కర్లేదు. వాళ్ళు కాదంటారని కాదు, వాళ్ళు ఎప్పుడూ కాదనలేదు. నేనే అడగలేదు.

సోమవారం ఆస్పత్రిలో డాక్టరు మోకాళ్ళు వంచి చూసి, పది రోజులు వరసగా కరెంటు వైద్యం చెయ్యాలన్నాడు. మోకాలికి రెండు వైపులా దిళ్ళలాంటివి కట్టి వేడి పెడతారు. మధ్యలో ఆపితే ఫలితం ఉండదని, ఇప్పుడే చేయించకపోతే కీలు బిగుసుకుపోతుందని చెప్పాడు. "ఈ పది రోజులూ కింద కూర్చోకూడదు, కింద పడుకోకూడదమ్మా" అని నా వైపు తిరిగి మరీ అన్నాడు. తలూపాను. ఇంటికొచ్చి ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అమ్మ కూడా చెప్పలేదు.

మంగళవారం, బుధవారం అలాగే గడిచాయి. నేను లేచి వచ్చేసరికి అమ్మ గోడకి ఆనుకుని, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చుని ఉండేది. పల్లెటూరి అలవాటు, తొందరగా లేచిందనుకున్నాను. బుధవారం ఆస్పత్రిలో కరెంటు పెట్టే అబ్బాయి వాపు చూసి, "తగ్గాల్సింది పోయి పెరిగిందేంటండీ? కింద గానీ పడుకుంటున్నారా?" అన్నాడు.

"లేదు బాబూ, మంచం మీదే" అంది అమ్మ తడుముకోకుండా. నేను పక్కనే నిలబడి కిటికీలోంచి బయటికి చూశాను.

గురువారం పొద్దున అమ్మ పెరట్లో మొహం కడుక్కుంటుంటే ముందు గది ఊడవటానికి చాప ఎత్తాను. దుప్పటి మీద ఇస్త్రీ మడత ఆదివారం ఎలా వేశానో అలాగే ఉంది. ఎక్కడా నలగలేదు. చాపకి పైన, సున్నం గోడ మీద, కూర్చున్న మనిషి తల ఆనే ఎత్తులో గుండ్రంగా నూనె మరక ఉంది.

చీపురు పక్కన పెట్టి ఆ మరక మీద వేలు ఆనించి చూశాను. మా అత్తగారు మంచం మీద లేచి కూర్చుని నన్నే చూస్తున్నారు.

"నాలుగు రోజుల్నించీ మీ అమ్మ కూర్చునే నిద్రపోతంది" అన్నారు. "నీకు తెలవదా?"

"మీకు తెలుసా అత్తయ్యా?"

"పక్కనే ఉన్నదాన్ని, నాకు తెలవకపోద్దా? పడుకుంటే గోడ పట్టుకుని లేవటానికి పావుగంట పడతందంట. పొద్దున్నే అల్లుడు వచ్చేసరికి లేచి ఉండాలని అసలు పడుకోటమే మానేసింది. నా మంచం తీసుకో వదినా అన్నాను. వినలేదు. అమ్మాయికి చెప్పొద్దని చేతిలో చెయ్యి వేయించుకుంది."

ఎవరి మొహంలో ఏం కనిపిస్తుందోనని నేను నోరు మూసుకున్నానో ఆవిడే తన మంచం ఇస్తానన్నారు. నాకు ఏడుపు రావాలి. రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం నా మీద నాకు రావాల్సింది, మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మా ఆయన మీద పడింది.

"మీ మేనత్తకైతే గది ఇచ్చాం. మా అమ్మ మనిషి కాదా? నాలుగు రోజుల్నించి గోడకి చేరగిలబడి జాగారం చేస్తుంటే మీ కళ్ళకి కనపళ్ళేదా?" అని గట్టిగా అరిచాను. అమ్మ వంటింట్లోనే ఉందన్న ధ్యాస నాకు లేదు.

ఆయన కంచం ముందు కూర్చున్నవారల్లా తలెత్తి చూశారు. "ఒక్క మాట ముందే చెప్పి ఉంటే సరిపోయేదిగా" అన్నారు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, ఇంకో మాట అన్నారు. "నేను ముందు గదిలో పడుకుంటే మీ అమ్మగారు గది దాటి బయటికి రాలేరు. ఈ వారం కొట్లో పడుకుంటాలే. ఎటూ సీజనే." సాయంత్రం ఒక బొంత చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ రోజు అమ్మ వెనక గదిలో పెద్ద మంచం మీద, నా పక్కన, పాప పక్కన పడుకుంది. నేను గెలిచాననుకున్నాను.

శుక్రవారం తెల్లవారాక మా ఆయన ఇంటికొచ్చారు. సీజనులో కమీషను కొట్టు అంటే కప్పు దాకా మిరప బస్తాలే. ఆ బస్తాల మధ్య పడుకున్న మనిషి కళ్ళు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి. గుమ్మంలోనే మొదలుపెట్టి వరసగా తుమ్ముతున్నారు, మాట పెగలటం లేదు. అమ్మ వెనక గది తలుపు పట్టుకుని చూసింది. లోపలికి వెళ్ళి సంచీలో చీరలు సర్దటం మొదలుపెట్టింది.

"ఇంకా ఆరు రోజులుందమ్మా" అన్నాను.

"చాల్లే. నా మోకాళ్ళ కోసం ఇంటాయన్ని ఇంట్లోంచి తరిమేసినానని పది మందీ అనుకోవాలా?"

మా ఆయన తలుపు ఇవతల నుంచి, "అత్తయ్యగారూ, నాకేం ఇబ్బంది లేదండి, ఉండండి" అన్నారు. ఆ మాట మధ్యలో రెండుసార్లు తుమ్మారు. మా అత్తగారు అమ్మ చేతిలో సంచీ పట్టుకుని, "ఆరు రోజులు ఎంతలోకి వదినా, కాలు పాడు చేసుకోమాక" అని బతిమాలారు. ఆయన మర్యాద ఆయన చేశారు, ఆవిడ మర్యాద ఆవిడ చేశారు, మా అమ్మ మర్యాద మా అమ్మ చేసింది. ఒకళ్ళనొకళ్ళు నొప్పించకూడదని ముగ్గురూ అంత కష్టపడుతుంటే మధ్యలో ఆ మోకాలి సంగతి ఎవరికీ పట్టలేదు. అందర్నీ కూర్చోబెట్టి ఎవరి పక్క ఎక్కడో చెప్పాల్సిన దాన్ని నేను. పాపని ఎత్తుకుని ఊరికే నిలబడ్డాను.

బస్టాండులో పర్చూరు బస్సు మెట్టు అమ్మకి అందలేదు. కాలు పైకి లేవటం లేదు. ఖాళీ గోతాలు చుట్టుకుని ఊరికి పోతున్న ఇద్దరు రైతులు చెరో రెక్కా పట్టి పైకెక్కించారు. సిగ్గుతో నవ్వుతూ తలుపు పక్క సీట్లో కూర్చుంది. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి, ఊచ పట్టుకున్న ఆమె చేతి మీద చెయ్యి వేశాను.

"దిగిపో అమ్మా. గదిలో మనిద్దరం పడుకుందాం. ఆయన ముందు గదిలో పడుకుంటారు. నేను చెబుతాగా."

"ఇప్పుడు చెబుతావా?" అంది. కోపంగా కాదు. చిన్నప్పుడు జడ వేస్తూ మాట్లాడే గొంతుతోనే అంది. "సోమారం ఆస్పత్రిలో చీటీ రాసే కిటికీ కాడ, ఊళ్ళో ఎక్కడ దిగారని ఆ రాసే మనిషి అడిగితే నువ్వేం చెప్పావు?"

నాకు గుర్తు రాలేదు.

"మా అత్తగారింట్లో అండీ, అన్నావు. మా ఇంట్లో అనలేదు. ఆరేళ్ళైంది నువ్వు కాపరానికొచ్చి. ఆ ఇల్లు నీదని నీకే లేకపోతే, నేనెట్టా కాళ్ళు చాపుకుని పడుకోనే?"

కండక్టరు ఈల వేశాడు. బస్సు కదిలితే నాలుగడుగులు దాంతోపాటు నడిచి ఆగిపోయాను.

ఆ తర్వాత ఎన్నిసార్లు కబురు పెట్టినా అమ్మ గుంటూరు రాలేదు. మిగిలిన ఆరు రోజుల వైద్యం అలాగే ఉండిపోయింది. ఆ ఏడాది చివరికి కుడి మోకాలు బిగుసుకుపోయింది. పోయేదాకా మంచం మీద కూడా ఆ కాలు ముడుచుకునే పడుకుంది.