గలీబు లోపలి చిన్న దిండు

నాకు నలభై ఏడేళ్ళు. విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. క్లాసులో నేనంటే పిల్లలకు కాస్త భయమే. అలాంటి నాకు చిన్నప్పటి దిండు పక్కన లేకపోతే నిద్ర పట్టదని మొన్నటిదాకా మా ఇంట్లో మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

అది మూరెడు పొడవు కూడా ఉండదు. పచ్చ గళ్ళ గుడ్డ, లోపల బూరుగు దూది. నాకు నాలుగేళ్ళప్పుడు, తమ్ముడు కడుపులో ఉండగా అమ్మకు ఒంట్లో బాగుండక డాక్టరు మంచం దిగొద్దన్నారట. నన్ను చూసుకునే దిక్కు లేక మైలవరంలో పెద్దమ్మ దగ్గర దింపారు. అమ్మ కావాలని వారం రోజులు ఏడ్చానట. చంకనెత్తుకుని ఊరంతా తిప్పినా ఊరుకోలేదట. వాళ్ళ దొడ్లో బూరుగు చెట్టు ఉండేది. పెద్దమ్మ పగిలిన కాయలన్నీ ఏరుకొచ్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గింజలు తీయించింది. మిరియాల్లాంటి ఆ నల్ల గింజలు, ముక్కులోకి దూది పోయి నేను తుమ్ముతుంటే పెద్దమ్మ నవ్వడం నాకే గుర్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. పెద్దనాన్న పాత లుంగీలోంచి ఒక ముక్క కత్తిరించి, చేత్తోనే కుట్టి, "ఇది నీది. ఇంకెవరూ తల పెట్టకూడదు" అని నా చేతికిచ్చింది. ఐదుగురు పిల్లలున్న ఆ ఇంట్లో ఎవరి పలక ఎవరిదో, ఎవరి కంచం ఎవరిదో తెలిసేది కాదు. దిండు మాత్రం నాది.

ఆరు నెలల తర్వాత అమ్మ దగ్గరికి తిరిగి వచ్చేటప్పుడు దాన్ని పట్టుకునే బస్సెక్కాను. ఇంటర్లో హాస్టల్‌కి వెళ్ళినప్పుడు తోటి పిల్లలు నవ్వుతారని పెద్ద దిండు గలీబులో దీన్ని దూర్చి పెట్టుకోవడం మొదలుపెట్టాను. పైన పెద్ద దిండు, కింద చిన్నది. గలీబులోకి చెయ్యి పోనిస్తే చాలు, తగిలేది. పెళ్ళయ్యాక మా ఆయన నాలుగో రోజే కనిపెట్టాడు. ఏమిటని అడిగితే ఏం చెప్పాలా అని నేను బెదురుతుంటే, ఆయన ఏమీ అడగలేదు. తర్వాత మేం మొదటిసారి ఊరెళ్ళేటప్పుడు బ్యాగు సర్దుతూ అన్నిటికంటే ముందు దాన్నే పెట్టాడు. ఆ మనిషితో జీవితం బాగానే ఉంటుందని నాకు అప్పుడే అనిపించింది.

పోయిన వేసవిలో ఒకరోజు కాలేజీ నుంచి సాయంత్రం ఐదింటికి ఇంటికొచ్చాను. మేముండేది భవానీపురంలో. మా అత్తగారు మాతోనే ఉంటారు. ఆవిడకు డెబ్భై ఆరేళ్ళు, చురుకైన మనిషి. గుమ్మంలోనే ఎదురొచ్చి, ఇవాళ పెద్ద పని చేయించానని చెప్పారు. పాత పరుపులు, దిండ్లు దూది ఏకి కొత్తగా చేసిస్తామని మైకు పెట్టుకుని ట్రాలీ ఆటో వచ్చిందట. రెండు పరుపులు, నాలుగు దిండ్లు గలీబులతో సహా ఇచ్చేశారట. రేపు సాయంత్రానికి తెచ్చిస్తారట.

నేను చెప్పులు కూడా విప్పకుండా లోపలికి పరిగెత్తాను. మంచం మీద చెక్కలు తప్ప ఏమీ లేవు. తిరిగొచ్చేసరికి నా మొహం చూసి ఆవిడ కంగారుపడిపోయారు.

"ఏవైందమ్మాయ్? దిండులో ఏవన్నా దాచావా? బంగారమా?"

"బంగారం కాదత్తయ్యా. చిన్న దిండు."

అంతకంటే వివరంగా చెప్పలేకపోయాను. కళ్ళు తుడుచుకున్నాను. నలభై ఏడేళ్ళ మనిషిని, దిండు కోసం ఏడుస్తున్నానేమిటని సిగ్గేసింది. అత్తగారు క్యాలెండరు మీద రాసుకున్న నంబరు చూసి ఫోన్ చేయమన్నారు. రెండుసార్లు చేశాను, ఎత్తలేదు. షాపు వన్‌టౌన్‌లో మసీదు పక్క సందులో ఉందని మాత్రం అతను చెప్పాడట. నేను బండి తాళాలు తీసుకుంటుంటే ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకున్నారు.

"ఎండలో మీరెందుకత్తయ్యా?"

"ఇచ్చింది నేను. మనిషిని గుర్తుపట్టేదీ నేనే. పద."

సాయంత్రం వేళ వన్‌టౌన్ సందుల్లో బండి నడపడం ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. సామాన్లు దింపుతున్న లారీల పక్కనుంచి, తోపుడు బళ్ళ మధ్యనుంచి అంగుళం అంగుళం జరుగుతూ వెళ్ళాం. మసీదు పక్కన సందు ఒకటి కాదు, మూడున్నాయి. మొదటి రెండింటిలో పరుపుల షాపులున్నాయి గానీ మనుషులు వేరు. దారి పొడుగునా అత్తగారి చెయ్యి నా భుజం మీదే ఉంది. మామూలుగా ఆవిడ వెనక కమ్మీ పట్టుకుని కూర్చుంటారు.

మూడో సందులో దొరికాడు. చిన్న రేకుల షెడ్డు. నేలంతా తెల్లగా దూది, లోపల మిషన్ గడగడలాడుతోంది. మా పరుపులు రెండూ పొట్టలు కోసి గోడవారన పడున్నాయి. వాటిని చూడగానే నేను గుమ్మంలోనే ఆగిపోయాను. అత్తగారే ముందుకెళ్ళి, పెద్ద దిండు గలీబులో చిన్న దిండేమన్నా కనపడిందా అని గట్టిగా అడిగారు. ఆ పెద్దాయన మిషన్ ఆపి, మొహానికి కట్టుకున్న తువ్వాలు కిందికి లాక్కున్నాడు.

"పచ్చ గళ్ళదేనామ్మా? ఉంది."

గోడకున్న చెక్క మీద, పాత న్యూస్‌పేపర్లో చుట్టి పెట్టి ఉంది. దించి రెండు చేతులతో ఇచ్చాడు. మిషన్ మోతలో ఫోన్ వినపడలేదట, ఇంటికెళ్ళేటప్పుడు తనే చేద్దామనుకున్నాడట. అంత చిన్నదాన్ని, అంత పాతదాన్ని ఎందుకు తీసి పెట్టారని అడిగాను.

"పారేసేదైతే గలీబులో దాచిపెట్టుకోరు కదమ్మా. నేను లోపల చెయ్యి పెట్టి తడమందే కత్తెర పెట్టను. చాలా వస్తాయి. పాత ఉత్తరాలొస్తాయి, పిల్లల గౌన్లొస్తాయి. ఒకసారి ఒకావిడ దిండులో చిన్న పన్ను, గుడ్డలో మూటకట్టి ఉంది. అన్నీ ఇచ్చేస్తా. కొందరు తీసుకోరు, మాది కాదంటారు. సిగ్గుపడతారు."

ఒక మూల కుట్లు ఊడి దూది బయటికి వస్తోందని చూపించాడు. లోపల దూది గడ్డకట్టింది, ఏకి ఇమ్మంటారా అన్నాడు. వద్దన్నాను. అయితే ఆ మూల ఒక్కటీ కుడతానని పొడవాటి సూది తీసుకుని, నేలమీద కూర్చుని, పెద్దమ్మ కుట్లు తెగకుండా వాటి పక్కనే సన్నగా వేశాడు. ఆయన కళ్ళజోడుకు ఒక కాడ లేదు, దారం కట్టుకున్నాడు. కుడుతున్నంతసేపూ ఆ చేతుల్నే చూస్తూ నిలబడ్డాను. థాంక్స్ అండీ అన్నాను. చాలా చిన్న మాట అనిపించింది.

తిరుగుదారిలో చెరుకురసం బండి దగ్గర ఆగాం. దిండు అత్తగారి ఒళ్ళో ఉంది. ఎవరు కుట్టారని అడిగారు. మొత్తం చెప్పాను. పెద్దమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. చివరి రోజుల్లో రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాను. మందుల గురించి, మామిడి కాపు గురించి మాట్లాడాను గానీ ఆ దిండు ఇంకా నా దగ్గరే ఉందని మాత్రం చెప్పలేదు. అప్పుడది చెప్పాల్సిన విషయమని తోచలేదు. ఆ మాటే అత్తగారితో అంటే, గ్లాసు కింద పెట్టి కొంగుతో మూతి తుడుచుకున్నారు.

"ఆవిడకి చెప్పకపోయినా నాకు చెప్పావుగా. పోన్లే."

ఇంటికి రాగానే ఆవిడ తన గదిలోకెళ్ళి, ఇనప్పెట్టె తెరిచి, అడుగున ఉన్న ఒక మూట తెచ్చి నా ముందు విప్పారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ మూట నేనెప్పుడూ చూడలేదు. అందులో ఒక బొంగరం. ఒకవైపు నల్లగా కాలిపోయి ఉంది. వాళ్ళ ఊళ్ళో మగపిల్లలందరి కంటే బాగా తిప్పేవారట. ఆడపిల్లకి బొంగరమేమిటని వాళ్ళ నాన్నగారు పొయ్యిలో పడేస్తే, వాళ్ళ అన్నయ్య చెయ్యి కాల్చుకుని మరీ బయటికి లాగి ఇచ్చాడట. పెళ్ళయి వచ్చేటప్పుడు పసుపుకుంకాల పెట్టె అడుగున పెట్టుకుని తెచ్చుకున్నారు. మామగారికి కూడా చూపించలేదట.

"నవ్వుతారేమోనని," అన్నారు.

"నేను నవ్వను, తిప్పండి" అన్నాను.

తాడు లేదు. లంగా బొందు ఒకటి తెచ్చి చుట్టారు. మొదటిసారి నేలకు కొట్టుకుని సోఫా కిందికి దొర్లింది. నేను పడుకుని, చెయ్యి చాపి తీసిచ్చాను. రెండోసారీ అంతే. మూడోసారి ఆవిడ పెదవి కొరుకుతూ, మోచెయ్యి వెనక్కి లాగి విసిరితే, నిలబడింది. ఎక్కువసేపు కాదు గానీ తిరిగింది. కాలిన వైపూ మామూలు వైపూ కలిసిపోయి ఒకటే రంగుగా కనపడింది. ఇద్దరం దాని చుట్టూ వంగి, అది పడిపోయేదాకా చూశాం.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయాడు. ఏం జరుగుతోందని అడిగాడు. వాళ్ళమ్మ తలెత్తకుండా, "జరుగు, కాలికి తగుల్తది" అని మళ్ళీ బొందు చుట్టడం మొదలుపెట్టారు.