బొగ్గు బస్సులో చివరి సీటు

1943. యుద్ధకాలం. పెట్రోలుకు రేషన్ పడి, మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్లే మా బస్సుకు వెనకాల గ్యాస్ ప్లాంట్ తగిలించారు. అంటే నిలువెత్తు ఇనప డ్రమ్ము. అందులో బొగ్గులు మండిస్తే వచ్చే గ్యాసుతో ఇంజిను నడుస్తుంది. నేను ఆ కంపెనీ గుమాస్తాని. కంపెనీ అంటే ఒకే బస్సు, యజమాని మునెప్ప, డ్రైవరు ఖాదర్, నేను.

బొగ్గు గ్యాసుకు జనం స్పృహ తప్పుతున్నారని పుకారు లేచింది. జట్కావాళ్ల పనేనని నా అనుమానం. సీట్లు ఖాళీ. మునెప్ప పొలం అమ్మి కొన్న బస్సు అది. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే పాత ఇనుము కింద అమ్ముకోవాల్సిందే. పేపర్లో మంచిగా నాలుగు ముక్కలు రాయించమని నా ప్రాణం తీసేవాడు.

మద్రాసు పత్రికకు మా ఊరి విలేకరి జ్ఞానప్రకాశం గారు, మిషన్ బడిలో మాష్టారు. మామిడిపండ్ల బుట్ట పంపితే తిప్పి పంపిన మనిషి. పండ్లతో అయ్యే పని కాదు. టపాలో ఆయన వార్తలు చేరేసరికే పాతబడుతున్నాయని తెలిసింది. అప్పటినుంచి ఆయన ప్రెస్ కవరు, అంటే వార్త పెట్టి పత్రికకు పంపే కవరు, రోజూ నేనే తీసుకెళ్లి కుప్పం స్టేషన్లో మద్రాసు బండికుండే తపాలా పెట్టెలో వేసేవాణ్ణి. మా బస్సు ఊసు మాత్రం ఎత్తలేదు. కొన్ని వారాలయ్యాక ఆయనే అన్నారు. "ఒకసారి మీ బస్సులో కుప్పం దాకా వస్తానప్పా. సూసిందే రాస్తాను."

మునెప్ప కాళ్లు నేల మీద నిలవలేదు. ఆయన వచ్చే రోజు తెల్లారే టెంకాయ కొట్టి, డ్రమ్ము నిండా బారెడు బారెడు చామంతి దండలు చుట్టాడు, వాడిపోకుండా నీళ్లు చల్లి మరీ. మాష్టారికి ముందు సీటు తుడిచిపెడితే, ఆయన పోయి డ్రమ్ముకు ఆనుకునుండే చివరి సీట్లో కూర్చున్నారు.

పలమనేరు దాటాక ఒక ఎత్తు మీద బస్సు దగ్గి దగ్గి ఆగిపోయింది. "గ్యాసు వస్తాండాది, దిగండి" అని ఎవరో అనగానే ఉన్న కొద్దిమందీ ఒకరి మీద ఒకరు పడి దిగారు. మాష్టారు మాత్రం దిగలేదు. ఖాదర్ డ్రమ్ము కిందికి వంగి, గాలి పీల్చుకునే రంధ్రానికి అతుక్కుపోయిన తడి పూలను పీకి అవతల పారేశాడు.

"పూజ సేస్తిరి, సరే. దానికి ఊపిరాడొద్దా అన్నా?" అన్నాడు.

మాతోపాటే వచ్చిన మునెప్ప మిగతా దండలన్నీ తనే తెంపేశాడు. బస్సు కదిలింది.

కుప్పంలో మాష్టారు ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చుని వార్త రాశారు. కవరు అంటించి నా చేతికిచ్చి, "ఆగిందనీ రాసినా, ఏల ఆగిందో అదీ రాసినా. నీ పని నువ్వు సెయ్యప్పా" అని కాఫీకి వెళ్లిపోయారు.

మద్రాసు బండి వచ్చి నిలిచింది. మునెప్ప నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఎయ్యొద్దు. యాడో పడిపోయిందని సెప్పు."

"ఆయనకు తెలిసిపోతాది అన్నా."

"తెలియనీ. ఆగిందని పేపర్లో పడితే ఇంకెవరు ఎక్కుతారు? నా పిల్లోళ్లకు ఉండేది ఇదొక్కటే గదప్పా."

మునెప్ప కళ్లలో నీళ్లు. నాకు జీతమిచ్చే మనిషి. నిజంగా భయమేసింది. గార్డు జెండా విప్పుతున్నాడు.

"ఊరందరి మంచీ చెడ్డా ఈ చేత్తోనే ఏస్తిని. మనది మాత్రం దాచిపెడితే, ఇంక ఈ చేతిని ఆయన నమ్మేదెట్లన్నా?"

చెయ్యి విడిపించుకుని పరుగెత్తాను. కదులుతున్న బండిలో కవరు పడింది. తిరుగు దారిలో మునెప్ప నాకు దూరంగా పోయి కూర్చున్నాడు.

రెండు రోజులకు పత్రిక వచ్చింది. బస్సు ఆగడం ఉంది, పూల సంగతీ ఉంది. ఆ కిందే, డ్రమ్ము పక్కనే కుప్పం దాకా కూర్చున్నాననీ, తలనొప్పి కూడా రాలేదనీ రాశారు. మర్నాడు పుంగనూరులో ఒక రైతు నిండు చూలాలైన భార్యతో వచ్చి, "మాష్టరు కూసున్న సీటు ఏదప్పా?" అని అడిగి, ఆమెను అక్కడే కూర్చోబెట్టాడు. మునెప్ప అటు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

తర్వాత చాలా చిన్న వ్యాపారాలకు పత్రికల పని చూశాను. పేరు రావాలంటే ఏం చేయాలని అందరూ అడుగుతారు. విలేకరి మన గురించి రాసిన చెడ్డను కూడా మన చేత్తోనే రైలుకు అందించాలని చెబుతాను. సగం మంది మళ్లీ రారు.